ముక్కుతో కలిపిన పెట్రోలు

3వ తేదీ, సోమవారం

ఈ రోజు నా ఉద్యోగం పోయింది. తీసేసింది ఎవరో కాదు, మా అమ్మాయే.

పొద్దున షెడ్డులో స్టూలు మీద కూర్చుని, పెట్రోలు క్యాను కాళ్ళ మధ్య పెట్టుకుని, టూటీ ఆయిలు సీసా మూత తిప్పుతున్నాను. అమ్మాయి రెండు తెల్ల డబ్బాలు తెచ్చి అరలో పెట్టింది. సరిగ్గా నా ఆయిలు సీసా ఉండే చోటే పెట్టింది. సీసాని పక్కకి జరిపి మరీ పెట్టింది.

“నాన్నా, ఇక నువ్వు కలపక్కర్లేదు. ఇందులో ఆయిలు కలిపే వస్తుంది. మూత తీసి పోసుకోవడమే,” అంది.

నలభై ఒక్క ఏళ్ళుగా చెట్లు కొట్టే పనిలో ఉన్నాను. మోకాళ్ళు అరిగాక చెట్టెక్కడం మానేశాను. చేతులు వణకడం మొదలయ్యాక రంపం మిషన్ పట్టడం మానేశాను. వ్యాను నడపడం మాత్రం నేను మానలేదు, గేటు స్తంభం అడ్డొచ్చిన రోజున తాళాలు వాళ్ళే లాక్కున్నారు. చివరికి మిగిలింది పెట్రోల్లో ఆయిలు కలపడం ఒక్కటి. లీటరుకి ఇరవై మిల్లీ అని సీసా మీద రాసి ఉంటుంది. అది చదువుకున్నవాళ్ళ కోసం. నేను మూతతో పోసి, క్యాను ఊపి, ముక్కు పెట్టి చూసి, “పట్టుకెళ్ళు” అంటాను. అప్పుడు ఇంట్లో పని మొదలవుతుంది. నేను ఆ మాట అననిదే ఇన్నేళ్ళలో ఏ చెట్టు నుంచీ ఒక్క కొమ్మ దిగలేదు.

ఈ కొత్తదాని పేరు ఆల్కైలేట్ పెట్రోలట. బంకులో పోసేది కాదు. తలనొప్పి తెప్పించే సరుకంతా ఫ్యాక్టరీలోనే తీసేసి, ఆయిలు కలిపి, సీలు వేసి అమ్ముతారట. పొగ ఉండదు, వాసన ఉండదు, ఏళ్ళ తరబడి దాచినా పాడవదు. అమ్మాయి తలనొప్పులకి కారణం ఆ పెట్రోలు పొగే అని డాక్టరు చెప్పాడట. పొద్దున్నే ఏమీ తినకుండా పనికి పోతే తలనొప్పి రాక ఏమొస్తుంది? ఆ మాట డాక్టరుకి ఎవరు చెబుతారు?

అందరూ వెళ్ళాక ఒక డబ్బా మూత తీసి వాసన చూశాను. ఏమీ లేదు. వీళ్ళని మోసం చేసి, నీళ్ళకి సీలు వేసి అంటగట్టారు.

సీసాని మళ్ళీ దాని చోట పెట్టి, డబ్బాల్ని కింద పెట్టాను.

4వ తేదీ, మంగళవారం

పాలు మాడిపోయాయట. నేను పొయ్యి పక్కనే పేపరు చదువుతూ కూర్చున్నానట, ఇల్లంతా కంపు కొడుతుంటే కదలను కూడా కదల్లేదట. మా ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఈ మధ్య పాలు మాడినా వాసన రావడం లేదు. పాలల్లో ఏదో కలుపుతున్నారు.

5వ తేదీ, బుధవారం

మెకానిక్ వచ్చి ఎర్రోణ్ణి బల్ల మీద పడుకోబెట్టాడు. ఎర్రోడు మా పెద్ద రంపం మిషన్. ఎనిమిదేళ్ళ క్రితం, మూసేస్తున్న ఒక కలప డిపోలో నేనే ఏరి కొన్నాను. అప్పటికే ఎవడో వాడి వాడి వదిలేసినది. ఎర్ర రంగు తప్ప అందులో ఏమీ మిగల్లేదని అందరూ నవ్వారు. నేను ట్యాంకులో ముక్కు పెట్టి చూసి, ఇది బతుకుతుంది అన్నాను. బతికింది కదా.

మెకానిక్ ముందు పాత పెట్రోలంతా ఒంపేశాడు. లోపల మిగిలింది అయిపోయేదాకా మిషన్ని నడిపి, దానంతట అదే ఆగిపోనిచ్చాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“బాబాయ్, పాత మిషన్ని ఈ పెట్రోలుకి మారిస్తే ఒక పేచీ ఉంది. ఇన్నేళ్ళూ బంకు పెట్రోలు తాగి లోపలి రబ్బరు పైపు ఉబ్బి ఉంటుంది. ఇది పడితే ఆ ఉబ్బు తగ్గిపోతుంది. బిగువు పోయి కారొచ్చు. పైపూ మూత వాషరూ మార్చేద్దాం.”

“ఆ పైపు నేనే వేశాను,” అన్నాను.

“ఎప్పుడు?”

“మొన్ననే.”

మొన్నంటే ఆరేళ్ళవుతుంది. అయినా మంచి పైపు. ఈ రోజుల్లో అలాంటి పైపులు రావడం లేదు.

మెకానిక్ అమ్మాయి వైపు చూశాడు. “నాన్న బాగుందంటే బాగున్నట్టే,” అంది అమ్మాయి. వాడు సరేనని కొత్త పెట్రోలు పోసి, కార్బరేటరు స్క్రూ అటు కాస్త ఇటు కాస్త తిప్పాడు. ఒక్క లాగుకే ఎర్రోడు లేచాడు. పొగ అన్నది లేదు. అల్లుడు దాని పొగ గొట్టం ముందు చెయ్యి పెట్టి వాసన చూసి, “మామయ్యా, అసలు వాసనే లేదు,” అన్నాడు. అమ్మాయి పక్కనే నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి నవ్వింది. మిషన్ పక్కన నిలబడి అమ్మాయి నవ్వడం చూసి చాలా రోజులైంది. కాసేపు నాకూ సంతోషం వేసింది. తర్వాత నా స్టూలు కనిపించింది.

పొగే రాకపోతే అసలు మిషన్ నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

6వ తేదీ, గురువారం

పని లేదు. మేకుల డబ్బా బోర్లించి సైజుల వారీగా వేరు చేశాను. అన్నీ ఒకే సైజు.

నేను చివరిసారి కలిపిన క్యాను మిగిలింది. అల్లుడు వచ్చి, “ఇది నాకివ్వండి మామయ్యా,” అని తీసుకుపోయి తన గడ్డి కోసే మిషన్లో పోసుకున్నాడు. దానికి నేను దగ్గుల మిషన్ అని పేరు పెట్టి మూడేళ్ళయింది. మొదలుపెడితే చాలు, వీధి చివరిదాకా పొగ. ఎర్రోడు నా మిక్స్ తాగి సన్నగా మర్యాదగా పొగ వదిలేవాడు, ఇది మాత్రం ఇటుకల బట్టీ. మిషన్ని చూసుకోవడం అందరికీ చేతకాదు. ఆ మాట అల్లుడితో ఈ రోజు కూడా అన్నాను. వాడు ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నాడు. వాడికి సిగ్గూ లేదు, పౌరుషమూ లేదు. మంచివాడే, కానీ మిషన్ చేతకాదు.

అంత మంచి మిక్స్ దాని పాలైంది.

7వ తేదీ, శుక్రవారం

రాయకూడదనుకున్నాను, కానీ ఈ పుస్తకం నాది కదా.

డబ్బా మీద ఏం రాశారో భూతద్దం పెట్టి చదివాను. ఆయిలు కలిపామని రాశారు. ఎవడు కలిపాడు? వాడి పేరు రాయలేదు. నలభై ఒక్క ఏళ్ళుగా తెలిసిన చేతిని పక్కన పెట్టి, పేరు కూడా తెలియనివాణ్ణి నమ్మి మిషన్ నడపమంటే ఎలా? ఆయిలు తక్కువైతే ఇంజను లోపల పిస్టను పట్టేస్తుంది. ఎర్రోడు చచ్చిపోతాడు.

ఒక్క మూత వేశాను. ఇది కలపడం కాదు. సరిచూడడం.

8వ తేదీ, శనివారం

ఈ రోజూ సరిచూశాను. రెండు మూతలు వేశాను, నిన్న ఒకటే వేశాను కాబట్టి.

10వ తేదీ, సోమవారం

రెండు. పక్కనున్న రెండో డబ్బాకి కూడా రెండు. దాన్ని మాత్రం ఎందుకు చిన్నచూపు చూడాలి?

అమ్మాయి తల పట్టుకుని వచ్చింది. “ఎర్రోడు మళ్ళీ కాస్త పొగ పెడుతున్నాడు నాన్నా,” అంది. కొత్త పెట్రోలు మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదని చెప్పాను. నీళ్ళు తాగి పడుకో అన్నాను. వెళ్ళి పడుకుంది. దీపం కూడా వేసుకోలేదు.

11వ తేదీ, మంగళవారం

ఆయిలు ఎక్కువైతే పొగ వస్తుందని నాకు తెలియదా? నలభై ఒక్క ఏళ్ళుగా తెలుసు. తెలిసినవాణ్ణి ఎక్కువ వెయ్యను కదా. కాబట్టి ఎక్కువ కాలేదు.

రెండు.

13వ తేదీ, గురువారం

పిల్లల ఆసుపత్రి పని. మేడ మీది కిటికీలకి తగులుతున్న కొమ్మలన్నీ తీసేయాలి, ఆరు చెట్లు. ఈ పని కోసం అమ్మాయి నెల రోజులు తిరిగింది. అక్కడి పెద్ద నర్సు ఒకే ఒక్క షరతు పెట్టింది. లోపల ఊపిరికి ఇబ్బంది పడే పిల్లలున్నారు, పొగ రాకూడదు, వాసన రాకూడదు. దానికి అమ్మాయి మాటిచ్చి వచ్చింది.

నేను వ్యాను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మాయి మొదటి కొమ్మ మీద ఎర్రోణ్ణి పెట్టింది. నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను, కొమ్మ తెగక ముందే చెట్టు కనబడకుండా పోయింది. పైన కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి టపటపా మూసుకున్నాయి. దూరంగా ఉంది కదా అని గేటు దగ్గర అల్లుడు అప్పుడే దగ్గుల మిషన్ కూడా మొదలుపెట్టాడు. ఇక చెప్పక్కర్లేదు.

పెద్ద నర్సు బయటికి వచ్చింది. ఆవిడ గొంతు పెంచలేదు.

“పొగ రాదన్నారు కదమ్మా?”

“నిన్న షెడ్డులో బాగానే ఉందండీ,” అంది అమ్మాయి. నిన్న బాగా లేదు. అమ్మాయి ఎప్పుడూ అబద్ధం చెప్పదు.

“సోమవారం దాకా చూస్తాను. పొగ లేకుండా కొడితే కొట్టండి. లేకపోతే వేరేవాళ్ళని పిలుచుకుంటాను.”

తిరిగి వస్తుంటే వ్యాను అల్లుడు నడిపాడు. నేనే కాస్త తేలిక చేద్దామని, అల్లుడి దగ్గుల మిషన్ వల్లే అంత పొగ కనబడిందని అన్నాను. వాడు అద్దంలో నా వైపు చూసి, “అవును మామయ్యా,” అన్నాడు.

ఇంటికొచ్చాక డబ్బాల దగ్గరికి వెళ్ళలేదు. అటు చూడాలనిపించలేదు.

14వ తేదీ, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మెకానిక్ ఎర్రోడి ప్లగ్గు తీసి వెలుతురులో పెట్టి చూశాడు. నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంది. వాడు దాన్ని గుడ్డతో తుడిచి, “ఈ పెట్రోల్లో ఎవరో ఆయిలు కలిపారు,” అన్నాడు.

అల్లుడు ఆకాశం చూశాడు. అమ్మాయి తన చెప్పులు చూసుకుంది. మా ఆవిడ కాఫీలు తెచ్చి అక్కడే నిలబడిపోయింది.

“ఫ్యాక్టరీవాళ్ళే ఎక్కువ వేశారేమో,” అన్నాను.

“వాళ్ళు మిషన్లతో కొలిచి పోస్తారు బాబాయ్.”

ఆ మాటకి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మిషన్ ఏం కొలుస్తుంది? నా ముక్కు ఏ మిషన్‌కి తీసిపోయింది? కావాలంటే పరీక్ష పెట్టుకోండి అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను. కళ్ళు మూసుకుంటాను, ఏ గ్లాసులో బంకు పెట్రోలుందో, ఏ గ్లాసులో కొత్తదుందో, ఏ గ్లాసులో ఆయిలెంతుందో చెబుతాను, చెప్పలేకపోతే ఇక షెడ్డు గడప తొక్కను అన్నాను.

“వద్దులే నాన్నా,” అంది అమ్మాయి.

“పెట్టమ్మా, ఆయనే అడుగుతున్నారు కదా,” అంది మా ఆవిడ. “నేను పట్టుకుంటాను. మీరు కళ్ళు మూసుకోండి.”

మూసుకున్నాను. మొదటి గ్లాసు ముక్కు కిందికి వచ్చింది. “కొత్తది,” అన్నాను. రెండోది వచ్చింది. నిదానంగా పీల్చాను, ఒకటికి రెండుసార్లు. తొందరపడితే విలువ ఉండదు.

“ఇది బంకు పెట్రోలు. నేను కలిపినదే. ఆయిలు ఒక్క చుక్క తక్కువైంది.”

కళ్ళు తెరిచాను. అది మెకానిక్ తాగడం మరిచిపోయిన కాఫీ. చల్లారి పైన మీగడ కట్టి ఉంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నేనూ కలిసి నవ్వేసి, తమాషాకి అన్నాననేవాణ్ణి. మెకానిక్ ప్లగ్గుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు, అది అప్పటికే మెరుస్తోంది.

“పాలు మాడిన రోజే అనుకున్నాను,” అంది మా ఆవిడ మెల్లగా. ఆవిడ గ్లాసు తీసుకెళ్ళి కాఫీ గుమ్మం బయట పారబోసింది.

15వ తేదీ, శనివారం

రాదు.

వాసన రాదు. మూడేళ్ళయింది. ఆ పెద్ద జలుబు పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపోయింది. వారంలో వస్తుందనుకున్నాను. నెలలో వస్తుందనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేసి, సబ్బులు మంచివి రావడం లేదని, పూలు మునుపటిలా లేవని, కాఫీ పొడిలో కల్తీ ఉందని అంటూ వచ్చాను. మూడేళ్ళు కల్తీ మీద కోప్పడ్డాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ స్టూలు కూడా పోతుంది. మోకాళ్ళు పోయాయి, చేతులు పోయాయి, వ్యాను పోయింది, ఇక ముక్కు కూడా పోయిందంటే ఈ ఇంట్లో నేను దేనికి? అన్నం తినడానికా? దాని వాసన కూడా తెలియదు.

రెండు డబ్బాల్లోనూ కలిపి తొమ్మిది మూతలు వేశాను. రేపు అమ్మాయికి చెప్పాలి.

16వ తేదీ, ఆదివారం

చెప్పాను.

అమ్మాయి షెడ్డులో ఎర్రోడి ఫిల్టరు బ్రష్షుతో కడుగుతోంది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. పందెం ప్రకారం గడప తొక్కకూడదు కదా.

“అమ్మా, ఆయిలు కలిపింది నేనే. తొమ్మిది మూతలు.”

“పది అనుకున్నాను,” అంది తల ఎత్తకుండా.

“నీకు తెలుసా?”

“ఆసుపత్రి నుంచి వచ్చాక సీసా చూశాను. ఆయిలు తగ్గడం కనబడదా నాన్నా?”

“నాకు వాసన కూడా రాదు. మూడేళ్ళుగా.”

“అదీ తెలుసు.”

బ్రష్షు పక్కన పెట్టింది. స్టూలు తెచ్చి గుమ్మానికి అవతల, నా వైపు వేసింది. కూర్చున్నాను. తను లోపల, నేను బయట.

మూడేళ్ళ క్రితం ఒక రోజు నేను పెట్రోలనుకుని కిరసనాయిలు క్యానులో ఆయిలు కలిపానట. ముక్కు పెట్టి చూసి “పట్టుకెళ్ళు” అన్నానట. ఎంత లాగినా ఎర్రోడు లేవలేదు. అమ్మాయి మూత తీసి చూసి విషయం గ్రహించింది. ఆ మర్నాటి నుంచి నేను కలిపిచ్చిన క్యాను తీసుకుని, షెడ్డు వెనక్కి వెళ్ళి దాన్ని వేరే క్యానులోకి ఒంపేసి, మళ్ళీ మొదటి నుంచి కొలగ్లాసుతో తనే కలుపుకుని పనికి వెళ్ళేదట. ఒక్క రోజు కాదు. మూడేళ్ళు.

“రోజూ రెండేసి సార్లు ఆ పెట్రోలు ఒంపుతుంటే తల పగిలిపోయేది నాన్నా. డాక్టరు ఊరికే అనలేదు. నీకు చెప్పి మాన్పించలేను, ఇలా చేస్తూ ఉండలేను. అందుకే కలిపి వచ్చే డబ్బాలు కొన్నాను. అప్పుడు ఎవరి తప్పూ ఉండదు కదా అని.”

పొద్దున్నే ఏమీ తినదు, అందుకే తలనొప్పి అని నేనే కదా రాసింది, ఈ పుస్తకంలోనే.

తర్వాత ఒక సంగతి తట్టింది.

“మరి నేను కలిపినదంతా ఏం చేశారు?”

అమ్మాయి తల తిప్పింది. షెడ్డు మూలన దగ్గుల మిషన్ ఉంది. దాని వైపు చూసింది. నేనూ చూశాను. సరిగ్గా అప్పుడే అల్లుడు గడ్డి చేటతో లోపలికి వచ్చి మా ఇద్దరి మొహాలు చూసి ఆగిపోయాడు.

“బాబూ, మూడేళ్ళుగా నువ్వు నా పెట్రోలు పోసుకుంటున్నావా?”

“పారేయడం ఎందుకని మామయ్యా.”

“మరి నీకు మిషన్ చేతకాదని నేనంటుంటే?”

“రోజూ ఒక్కసారే కదా అనేవారు,” అన్నాడు.

వాడికి పౌరుషం లేదని రాశాను. వెనక గురువారం పేజీకి వెళ్ళి ఆ మాట కొట్టేశాను, చదవడానికి వీల్లేకుండా కొట్టేద్దామనుకున్నాను, మళ్ళీ ఉండనీ అని గీత ఒక్కటే పెట్టాను.

17వ తేదీ, సోమవారం

ఆసుపత్రి రోజు. నేను రానన్నాను. అమ్మాయి కుర్చీ వ్యానులో పెట్టి, “కుర్చీ వస్తోంది, నువ్వెలాగూ దాని మీదే ఉంటావు,” అంది.

ఎర్రోణ్ణి ఆదివారమంతా శుభ్రం చేశారు. ప్లగ్గు కొత్తది, డబ్బా కొత్తది, సీలు ఆసుపత్రి గేటు దగ్గరే విప్పారు. ట్యాంకు నింపి ఎర్రోణ్ణి వ్యాను వెనక చెక్క మీద పెట్టారు. పెద్ద నర్సు మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. అమ్మాయి తాళ్ళు కట్టుకుంటోంది. అల్లుడు వంగి వాసన చూసి, “ఏమీ లేదు, బ్రహ్మాండం,” అన్నాడు.

నాకొక అలవాటుంది. ఎప్పుడు మొదలైందో కూడా చెప్పగలను, మూడేళ్ళ క్రితం. ఎక్కడ ఏ క్యాను ఉన్నా, ఏ మిషన్ ఉన్నా, కింద వేలు పెట్టి చూస్తాను. ముక్కు ఉన్నవాడికి పెట్రోలు కారుతుంటే పది అడుగుల దూరం నుంచే తెలుస్తుంది. నాకు తెలియదు కదా, అందుకని తడి చూసుకుంటాను. ఎవరూ చూడకుండా చూసుకుంటాను.

ఎర్రోడి పొట్ట కింద వేలు పెట్టాను. తడి తగిలింది.

చెయిన్‌కి రాసే ఆయిలేమో అనుకున్నాను. అది జిడ్డుగా అంటుకుంటుంది. ఇది చల్లగా తగిలి, నేను చూస్తుండగానే వేలి మీద ఆరిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ చల్లగా తగిలి ఆరిపోయింది.

అమ్మాయి ఎర్రోణ్ణి ఎత్తి, లాగడానికి తాడు పిడి పట్టుకుంది.

“లాగొద్దు,” అన్నాను.

“ఏమైంది నాన్నా?”

“కారుతోంది. పెట్రోలు.”

అల్లుడు మళ్ళీ వాసన చూశాడు. “రావట్లేదే మామయ్యా.”

“రాదు బాబూ. దీనికి వాసన లేకుండా చేశామని వాళ్ళు రాసిచ్చారు కదా. వేలు పెట్టు.”

వాడు పెట్టాడు. వాడి మొహంలో రంగు మారింది. వేడెక్కిన సైలెన్సరు మీద ఆ చుక్క పడితే ఏమవుతుందో మా పనిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎర్రోడు అప్పుడు అమ్మాయి చేతుల్లో ఉన్నాడు, పొట్టకి ఆనుకుని. కుర్చీ ఎలాగూ ఉంది కాబట్టి కూర్చున్నాను.

మెకానిక్‌కి కబురు పెట్టారు. వాడు రాగానే నేనే ముందు చెప్పాను, ఆ పైపు మొన్న వేసింది కాదు, ఆరేళ్ళ నాటిది, నువ్వు మారుద్దామంటే వద్దన్నది నేనే అని. పెద్ద నర్సు కూడా వింది. వాడు పైపు లాగి చూపించాడు. ఉబ్బంతా పోయి, మూతి దగ్గర వదులై, వేలికి ఉంగరంలా తిరుగుతోంది. కొత్త పైపూ కొత్త వాషరూ వేశాడు.

“ఎవరు చూశారు దీన్ని?” అని అడిగాడు.

“నాన్న,” అంది అమ్మాయి.

“ముక్కుతోనా?” అన్నాడు వాడు, అని నాలిక్కరుచుకున్నాడు.

అప్పుడు నవ్వారు. ముందు నేనే నవ్వాను.

మధ్యాహ్నానికి రెండు చెట్లు పూర్తయ్యాయి. మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి పైన కిటికీలు తెరుచుకున్నాయి. పెద్ద నర్సే తెరిచింది. ఒక్కో కిటికీలో ఇద్దరేసి ముగ్గురేసి పిల్లలు నిలబడి, కొమ్మ పడ్డప్పుడల్లా చప్పట్లు కొట్టారు. అమ్మాయికి తలనొప్పి రాలేదు. సాయంత్రం రెండుసార్లు అడిగాను. రెండోసారి విసుక్కుంది. విసుక్కుందంటే నిజంగానే రాలేదన్నమాట.

20వ తేదీ, గురువారం

ఆరో చెట్టు నిన్నటితో పూర్తయింది.

షెడ్డు గడప విషయం అమ్మాయి తేల్చేసింది. “పందెం కాఫీ మీద వెయ్యలేదు కదా నాన్నా, పెట్రోలు మీద వేశావు. అది చెల్లదు. లోపలికి రా,” అంది. తర్వాత అల్లుణ్ణి కూడా పిలిచి ఇద్దరికీ వినపడేలా చెప్పింది. ఇక మీదట నాన్న వేలు పెట్టి చూడనిదే ఈ షెడ్డు నుంచి ఏ మిషనూ బయటికి పోకూడదు. ముక్కులున్న మనమిద్దరం ముక్కుల్ని నమ్ముకుని ఎర్రోణ్ణి పట్టుకున్నాం. ఈ పెట్రోలుకి ముక్కు పనికిరాదు, ముక్కు లేకుండా మూడేళ్ళు పని చేసిన మనిషి కావాలి. అమ్మాయి ఆ మాట చాలా మామూలుగా అంది, స్పానరు వెతుకుతూ.

నేను ఆయిలు సీసా మూత బిగించి అర వెనక్కి నెట్టాను. ఆ చోట తెల్ల డబ్బాలు పెట్టాను. ఎర్రోడి కింద వేలు పెట్టాను. పొడిగా ఉంది. రెండో రంపం కింద పెట్టాను. పొడిగా ఉంది. దగ్గుల మిషన్‌కి కూడా పాత పైపు మార్చి, కొత్త పెట్రోలు పోశాడు అల్లుడు. దాని కింద కూడా పెట్టాను. అది దగ్గడం మానేసి మూడు రోజులైంది, పేరు ఏం మార్చాలో తోచడం లేదు. పేరు నువ్వే పెట్టు బాబూ అంటే, “ఉండనీయండి మామయ్యా, అలవాటైపోయింది,” అన్నాడు.

“పట్టుకెళ్ళు,” అన్నాను.

పట్టుకెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. ఇదేమిటని ముందు అడిగాను. కాఫీ అని చెప్పింది. తాగాను.